ఉప్పు రెండుసార్లు

పంచాయితీ ఉన్న రోజు పొద్దున కూడా పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. నా మొగుడు సాయిలు కంచం తోసేసి, "దీనికి తల్కాయ చెడ్డది" అన్నాడు. మూడేళ్లుగా మా ఇంట్లో నా పేరు అదే. వెంకటనర్సమ్మ అని పిలిచేవాళ్లే లేరు. నాట్లు వేయడానికీ, పేడ ఎత్తడానికీ, అత్త కాళ్లు పిసకడానికీ మాత్రం ఈ తలకాయ బాగానే పనికొస్తుంది.

రజాకార్లు మా ఊరి మీద పడ్డ రోజు తుపాకీ మడమతో నా తల మీద కొట్టారు. పై గాయం నెల తిరిగేసరికి మానింది, లోపలి మంట ఆరలేదు. ఎండలోకి వెళ్తే కళ్లు తిరుగుతాయి, పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. అత్త గాలి సోకిందని వేపమండలతో కొట్టించింది. మానుకోట దవాఖాన డాక్టరు మాత్రం పైన మానినా లోపల వాపు తగ్గలేదని, ఎండలో పని చేయొద్దని చెప్పాడు. "కనవడని వాపు ఏడుంటది? పనిదొంగ" అన్నాడు సాయిలు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు ఆయనగారికి మారుమనువు కావాలి. పెళ్లాం పిచ్చిదని తేలితే కులపెద్దల ముందు మగవాడు పుల్ల విరుస్తాడు. పెళ్లి తెగిపోతుంది, పిల్ల తండ్రి దగ్గరే ఉంటుంది. నా నీలికి ఇంకా ఆరేళ్లు నిండలేదు.

విరవాల్సిన పుల్ల చేతిలో పట్టుకుని, పెద్దల ముందు సాయిలు గొప్పగా మొదలుపెట్టాడు. రజాకార్లు వచ్చిన నాడు తాను గూడూరు అడవిలో దళంతో ఉన్నాడట, తిరిగొచ్చేసరికి పెళ్లాం ఇట్లా అయిందట. ఊరంతా మూడేళ్లుగా వింటున్న కథే. ఇంటి గుట్టని నేనూ ఇన్నాళ్లు కాదనలేదు. పెద్దమనిషి వీరయ్య నా వైపు తిరిగి, ఏమన్నా యాదుంటదా బిడ్డా అని అడిగాడు.

"ఉప్పేసింది మరుస్త బాపూ. వాళ్లు అడిగింది మర్వలే. నీ మొగడు ఏడ దాగిండని అడిగిన్రు. నేను చెప్పలే, అందుకే కొట్టిన్రు. గిప్పుడు చెప్తున్న. ఆయన అడవిల లేడు. మా ఇంట్ల వడ్ల గుమ్మిల ఉన్నడు. నా తల పలిగిన సప్పుడు ఇన్నడు."

సాయిలు తల వంచుకున్నాడు. ఆయన చేతిలోని పుల్ల లాక్కుని నేనే విరిచి, నా పక్కన కూర్చున్న నీలి చెయ్యి పట్టుకుని లేచాను.

"ఆడది పుల్ల ఇరిచే ఆచారం మనకు లేదు బిడ్డా" అన్నాడు వీరయ్య.

"నాకు యాదికి లేదు బాపూ" అన్నాను.