పాటగాడు రాని రికార్డు

డోర్నకల్ స్టేషన్‌లో పార్సిలు గుమాస్తా కొండల్‌కు అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామలో లాఠీ దెబ్బ తగిలింది. అప్పటి నుంచి ఎడమ చెవిలో, రైలు వెళ్ళిపోయాక పట్టాలు మోగినట్టు ఒకటే మోత. దవాఖానకు పోతే ఆ చెవి వినబడదని బయటపడి, రైల్వే కొలువు పోతుందని పోలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

చర్చి బంగ్లా దొర తన దేశానికి తిరిగిపోతూ వదిలేసిన రికార్డులను మణెమ్మ టీచరు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తోంది.

"పేరున్నయన్నీ తీస్కపోయిండ్రు కొండలూ. గివి ఎవ్వలకు ఎరకలేని పేర్లు. ఫిడేళ్ళ సంగీతమట. ఒకటి పట్టుకపో."

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో గ్రామఫోను మీద రికార్డు పెట్టాడు. ఫిడేలంటే పాటగాడి వెనక నడిచేదని అతని లెక్క. ఇవి ఎవరికో దారి ఇస్తూ, ఎవరినో సముదాయిస్తూ సాగుతున్నాయి. అంటే మధ్యలో ఒక గొంతు ఉండి తీరాలి. అది తనకు వినబడటం లేదు. ఒక వైపంతా అయిపోయింది. పాటగాడు రాలేదు.

కుడి చెవి కూడా పోతోందా? ఇన్నాళ్ళూ మనుషుల మాటలు వింటున్నానా, పెదవులు చూసి పోల్చుకుంటున్నానా?

"సరోజనా, జర ఇటు రా!"

రోటి దగ్గర తొక్కు నూరుతున్న భార్య కారం చేతులు దూరంగా పెట్టుకుని వచ్చింది. అతను రికార్డును మళ్ళీ మొదటి నుంచి పెట్టి, కావాలనే గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"పాటగాడు ఏమంటున్నడో చెప్పు."

"ఏ పాటగాడు?"

"పాడుతున్నడు గదా!"

"నీ మొకం! ఎవ్వలు పాడుతలేరు. ఉత్త ఫిడేళ్ళే. నలుగురున్నట్టున్నరు, ఒకడు లావు గొంతోడు. మా వదినెలు బాయికాడ ముచ్చట పెట్టినట్టు, ఒకరి మాట ఒకరు అందుకుంటున్నరు."

ప్రతి మాటా వినబడింది. పెదవులు చూడకుండానే వినబడింది. కొండల్ గోడకు ఆనుకుని అట్లాగే కూలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే చెవి సంగతంతా చెప్పేశాడు.

"ఎడమ చెవేనా? నాకెప్పుడో ఎరకే," అంది సరోజన. "లేకుంటే ఎప్పుడు నీ కుడిదిక్కే ఎందుకు కూసుంట?"

అని, అలవాటుగా కుడిపక్కనే కూర్చుంది. ఈసారి కొండల్ ఎవరి కోసమూ కాచుకోలేదు. లావు గొంతు ఏదో అడిగింది. సన్నవి మూడూ ఒక్కసారే జవాబు చెప్పబోయి ఆగాయి.

"మణెమ్మ టీచరు తాన ఇంకేమన్న మిగిలినయేమో పోయి అడుగుత."

"అడుగుదువు గని, ఆగు. గా లావు గొంతోడు ఏదో చెప్తుండు, ఇననియ్యి."