విజయలక్ష్మి కాలిరాట్నం

హనుమకొండ దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీలో 1981లో కొత్త షెడ్డు కట్టారు. విద్యార్థులు తమ బుర్రలో పుట్టిన యంత్రాలకు నమూనాలు సొంత చేతులతో తయారుచేసుకోవాలని ఢిల్లీ వాళ్ళు మంజూరు చేసిన షెడ్డు అది. లోపల రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను, వెల్డింగ్ సెట్టు, గోడ నిండా పనిముట్లు. అన్నీ ఉన్నాయి. విద్యార్థులను మాత్రం లోపలికి రానివ్వరు.

షెడ్డు బాధ్యత సూపరింటెండెంట్ వెంకటరాజం గారిది. ఆయనకు యంత్రాలంటే ప్రాణం. వాడితే అరిగిపోతాయని వాటికి తెల్ల దుప్పట్లు కప్పి, ప్రతి శుక్రవారం బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాళం వేసుకుని వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళలో ఆ షెడ్డు నుంచి బయటికి వచ్చిన వస్తువేదైనా ఉంటే అది కొబ్బరి చిప్పే.

విజయలక్ష్మి మెకానికల్ ఆఖరి సంవత్సరం. క్లాసు మొత్తానికి ఒకే ఆడపిల్ల. మట్టెవాడలో తండ్రి మగ్గం నేస్తే, తల్లి శ్యామలమ్మ రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టేది. ఇరవై ఏళ్ళు తిప్పేసరికి ఆమె కుడి మణికట్టు వాచిపోయి, చెంబు పట్టుకున్నా జారిపోయేది. దవాఖానలో డాక్టరు చేతికి విశ్రాంతి ఇమ్మన్నాడు. చేతికి విశ్రాంతి ఇస్తే మగ్గానికీ, పొయ్యికీ కూడా ఇవ్వాల్సి వస్తుందని ఆయన చీటీలో రాయలేదు. కాలితో తొక్కే రాట్నం చేస్తానని విజయలక్ష్మి ప్రాజెక్టుకు పేరిచ్చింది.

దరఖాస్తు పట్టుకుని షెడ్డుకు వెళ్తే వెంకటరాజం గారు దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"లేత్ మీద నీకేం పనమ్మా?"

"కదురు చెక్కుకుంట సార్. నాలుగు గంటల పని."

"చీరె గుంజుకపోతది."

"మా తమ్ముని ప్యాంటు తొడుక్కొని వస్త సార్."

వెంకటరాజం గారు వినకూడని మాట విన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఆరు సంతకాలు అడిగాడు. ఆమె పదిహేడు రోజులు తిరిగి ఆరూ తెచ్చింది. అప్పుడు ఆయన ఎంతో ప్రేమగా చెప్పాడు: "వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉన్నది బిడ్డా. మిషన్లు కొత్తగ కనవడాలె. ఇప్పుడు ముట్టుకోవద్దు."

బస్సులో ఏడ్చింది. మట్టెవాడలో దిగేసరికి కళ్ళు తుడుచుకుని, సందు చివర కొమురెల్లి సైకిల్ షాపుకు వెళ్ళింది. కొమురెల్లి పాత పెడల్, చైను, ఒక చక్రం ఇచ్చాడు. ఇంటి అరుగు మీద విరిగిన మంచం కోళ్ళతో చట్రం కట్టి, ఒక ఇనుప కడ్డీని కండె తిప్పే కదురుగా బిగించింది. రాట్నం ఝుమ్మని తిరిగింది. నూలు పుటుక్కున తెగింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ తెగింది.

"నీ మిషను మంచిగనే ఉరుకుతాంది బిడ్డా," అంది శ్యామలమ్మ. "నూలే దానెంబడి ఉరుకుతలేదు."

కడ్డీ కాస్త వంకర. లేత్ మీద చెక్కితే తప్ప సరికాదు.

ఇంతలో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డులో విద్యార్థులు తయారుచేసిన నమూనాలన్నీ ఆఫీసరు గారికి చూపించాలట. వెంకటరాజం గారు దుప్పట్లు చూపించగలడు, తాళం చూపించగలడు. నమూనాలెక్కడివి? ప్రిన్సిపాల్ చేత చీవాట్లు తిని, విజయలక్ష్మి ఇంట్లోనే రాట్నం కట్టిందని క్లాసువాళ్ళ ద్వారా విని, ఆ సాయంత్రమే రిక్షా ఎక్కి మట్టెవాడ వచ్చాడు.

"ఏదమ్మా నీ రాట్నం? ఎల్లుండి షెడ్డుల పెట్టాలె."

"అది పని చేస్తలేదు సార్. కదురు వంకరున్నది."

"చేయకుంటే మానె. చూడనీకి మంచిగుంటే చాలు."

"లేత్ ఇయ్యిండ్రి, సక్కగ చేస్త. నాకొక్కదానికే కాదు, మా క్లాసోళ్ళందరికి ఇయ్యాలె. కాయిదం మీద రాసియ్యిండ్రి."

వెంకటరాజం గారు శ్యామలమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వి మంచినీళ్ళిచ్చింది. ఆయన నీళ్ళు తాగి రాసిచ్చాడు.

మర్నాడు విజయలక్ష్మి ప్యాంటు తొడుక్కుని లేత్ ముందు నిలబడింది. ఇనుప పొట్టు రాలుతున్నంత సేపూ, తన ఒంటి చర్మమే ఒలుస్తున్నట్టు వెంకటరాజం గారు పక్కనే నిలబడి మూలిగాడు. మధ్యాహ్నానికి కదురు తయారైంది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు, వెంకటరాజం గారి ఖర్మ కొద్దీ, తెలుగువాడు. రాట్నం తొక్కి చూపించడానికి శ్యామలమ్మను పిలిపించారు. ఆమె తొక్కింది. కండె నిండింది. నూలు తెగలేదు.

"మొత్తం ఈ షెడ్డులోనే చేశారా?" అడిగాడు ఆఫీసరు.

"ఎస్ సార్!" అన్నాడు వెంకటరాజం గారు.

"అంతా కాదయ్యా," అంది శ్యామలమ్మ, అబద్ధం ఎందుకన్నట్టు. "మా అరుగు మీద జేసింది. గీ కదురొక్కటే ఈడ జేసింది. రెండేండ్ల సంది తాళమే ఉండెనట. నిన్ననే తీసిన్రు."

ఆఫీసరు రిజిస్టరు అడిగాడు. అందులో శుక్రవారాలు తప్ప ఏమీ లేవు. ఆయన అక్కడే నిలబడి, ఇక నుంచి రోజూ పది నుంచి ఐదు వరకు విద్యార్థుల కోసం షెడ్డు తెరిచి ఉంచాలని రాసి, సంతకం పెట్టి వెళ్ళాడు.

తన ప్రోత్సాహంతోనే విద్యార్థులు కొత్తవి కనిపెడుతున్నారని వెంకటరాజం గారు ఆ ఏడాది కాలేజీ నివేదికలో రాసుకున్నాడు. ప్రాజెక్టు రిపోర్టులో మార్జిన్లు సరిగా లేవని విజయలక్ష్మికి మార్కులు తగ్గించారు. శ్యామలమ్మ మణికట్టు వాపు నెలలో దిగింది.

పక్కింటి సమ్మమ్మ తనకూ అలాంటి రాట్నం కావాలంది. రెండో కదురు చెక్కడానికి విజయలక్ష్మి షెడ్డుకు వెళ్తే, ధర్మసాగర్ కుర్రాడొకడు పల్లీలు ఒలిచే మిషను కోసం ఒక లేత్‌ను ఆక్రమించాడు. రెండో దాని ముందు నలుగురు వరుసలో ఉన్నారు. ఆమె ఐదోది. గంటన్నర నిలబడి, "ఎంతసేపయ్యా మీ పని!" అని ఎగిరిపడింది.