పేరు జనం చెప్తారు

కండక్టర్‌కి ఇప్పుడు బస్సు లేదు. అయినా అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. టిక్కెట్టు ధర పెంచడమేమిటని యజమానుల మీద తిరగబడి ఉద్యోగం పోగొట్టుకున్నాక, మూతపడ్డ చెప్పుల కొట్టొకటి అద్దెకు తీసుకుని 'అందరి పార్టీ' అని బోర్డు కట్టాడు. మొదట్లో నవ్వినవాళ్ళే ఎక్కువ. తర్వాత ఇంటి అద్దెలు తగ్గాయి. వెనక వీధుల కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి. నవ్విన నోళ్ళే జేజేలు కొట్టాయి.

ఆ పార్టీ సభల్లో నాయకులు వేదికెక్కి కూర్చోరు. పైన ఒకే కుర్చీ, అదీ ఖాళీగా ఉంటుంది. కష్టమున్న వాళ్ళెవరైనా ఎక్కి కూర్చుని చెప్పుకోవచ్చు. ఎవరివల్ల ఆ కష్టమో మాత్రం చెప్పకూడదు.

"పేరు నువ్వు చెప్పక్కర్లేదమ్మా, పేరు జనం చెప్తారు," అనేవాడు కండక్టర్.

చెప్పినవాళ్ళ మీద ఎవరూ పగ పట్టకుండా ఆ ఏర్పాటట. చిన్నక్క అనే అమ్మాయికి కుర్చీ ఎక్కడానికి ధైర్యమిచ్చింది అదే. పేరు ఎత్తనప్పుడు ఎవరికీ ఏమీ కాదనుకుంది.

ఆమె పనిచేసే లాండ్రీ మేనమామది. తల్లి పోయాక పెంచి పెద్దచేసిందీ ఆయనే. హోటళ్ళ నుంచి దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చిపడేవి. వాటిని ఆవిరి ఇస్త్రీ మిషన్‌లో రెండు పలకల మధ్య పరిచి నొక్కాలి. చేతులు లోపలికి పోకుండా ఉండే అడ్డుకమ్మీ ఎప్పుడో విరిగింది. వేయించమని అడిగినప్పుడల్లా "వేయిద్దాంలే అమ్మడూ, ఈ నెల గడవనీ" అనేవాడు మామయ్య. పక్కనే పనిచేసే ఒకామెను చిన్నక్క వదినా అని పిలిచేది. ఆ వదిన చెయ్యి ఒకరోజు పలకకు అంటుకుంది. తడిగుడ్డ చుట్టుకుని, "ఏమే, నా చెయ్యి కూడా మడతపెట్టి హోటల్‌కి పంపిద్దామా?" అని ఆమే నవ్వింది. చిన్నక్కకు నవ్వు రాలేదు.

సభలో మిషన్ సంగతి చెప్పింది, వదిన చెయ్యి సంగతి చెప్పింది, అంతే. దిగేలోపే వెనక వరుసల్లోంచి మామయ్య పేరు వినిపించింది. తర్వాత అన్ని వైపులనుంచీ వినిపించింది.

మర్నాడు పొద్దున్నే లాండ్రీ ఎదుట జనం నిలబడ్డారు. కేకల్లేవు, రాళ్ళు లేవు. చేతులు కట్టుకుని గుమ్మంకేసి చూస్తున్నారు. వచ్చే పోయేవాళ్ళ ముఖాలు మాత్రం గుర్తుపెట్టుకునేలా చూస్తున్నారు.

"ఉతకాల్సినవి ఉంటే లోపలికి రండయ్యా," అన్నాడు మామయ్య సరదాగా. "ఎండలో అలా నిలబడితే మీరే మాసిపోతారు."

ఒక్కరూ నవ్వలేదు. హోటల్ వ్యాన్ మలుపు దాకా వచ్చి, వాళ్ళను చూసి వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రమే మామయ్య మెకానిక్‌ని పిలిపించి కమ్మీ వేయించాడు. జనం కదల్లేదు. మర్నాడు ఇంకా పెరిగారు. చిన్నక్క చెప్పుల కొట్టుకి పరుగెత్తింది. గోడలకు చెప్పుల అరలు అలాగే ఉన్నాయి, వాటినిండా పార్టీ టోపీలు. కండక్టర్ తానే గ్లాసుతో నీళ్ళిచ్చాడు.

"మిషన్ బాగైందన్నా. నా మాట వెనక్కి తీసుకుంటాను."

"నోట్లో ఉన్నంతవరకే అది నీ మాట తల్లీ. ఇప్పుడు అందరిదీ."

"ఆయన చెడ్డవాడు కాదు."

"ఇన్నేళ్ళు బస్సులో తిరిగాను, చెడ్డవాడు ఒక్కడూ తగల్లేదు. ఉన్నదల్లా సీటు దొరికినవాళ్ళూ, దొరకనివాళ్ళూ." అతని గొంతులో కోపం లేదు. "మనం నిలబడితేనే కదా కమ్మీ పడింది? అంతకుముందు నువ్వు బతిమాలితే పడిందా?"

చిన్నక్క గ్లాసు కింద పెట్టింది. పడలేదు మరి.

"అయితే సభలోనే చెప్తాను," అంది.

"చెప్పు. కుర్చీకి అడ్డమెవరు?"

ఈసారి మైదానం పట్టనంత జనం. చిన్నక్క కుర్చీలో కూర్చుంటూనే చప్పట్లు మొదలయ్యాయి. "ఆయన్ని వదిలేయండి. తప్పు దిద్దుకున్నాడు," అంది.

కండక్టర్ మైకు అందుకున్నాడు. "విన్నారా? ఇన్నాళ్ళూ తనను పిండి ఆరేసినవాడి మీద కూడా జాలే. లాండ్రీ ఉండాల్సింది ఇలాంటి మనిషి చేతిలోనా, ఆయన చేతిలోనా?"

జనం చిన్నక్క పేరు చెప్పారు. ఆమె "వద్దు వద్దు" అంటూనే ఉంది, మైకు ఆమె దగ్గర లేదు.

ఆమె లాండ్రీకి తిరిగొచ్చేసరికి మామయ్య సంచిలో చొక్కాలు సర్దుకుంటున్నాడు.

"చెప్పింది నువ్వేనని మొదటిరోజే తెలుసు. ఆ మిషన్‌ని పట్టించుకున్నది నువ్వొక్కదానివేగా."

"నీకెన్నిసార్లు చెప్పాను మామయ్యా."

"చెప్పావు. కాదనను."

"ఉండు, నేను మళ్ళీ వెళ్ళి మాట్లాడతాను."

"వద్దమ్మడూ. నువ్వు మాట్లాడినకొద్దీ నాదేదో ఒకటి పోతోంది."

నవ్వబోయి, సంచి భుజానికి తగిలించుకున్నాడు. జనం దారిచ్చారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆయన వీపునే చూశారు.

మర్నాడు పొద్దున చిన్నక్క లాండ్రీకి వెళ్ళేటప్పటికి ఆడవాళ్ళందరూ ఎవరి చోట వాళ్ళు నిలబడి ఉన్నారు. ఎప్పుడూ చెవులు హోరెత్తేలా కబుర్లాడే గదిలో ఆవిరి బుసలు తప్ప చప్పుడు లేదు. ఆమెను చూసి వదిన చటుక్కున స్టూలు మీంచి లేచింది.

"కూర్చో వదినా."

"పర్వాలేదండీ."

"కొత్తగా ఈ అండీలేంటి?"

వదిన కిటికీలోంచి బయటికి చూసింది. నలుగురైదుగురు ఇంకా అక్కడే ఉన్నారు, ఈసారి టోపీలు పెట్టుకుని.

"చెయ్యి ఎలా ఉంది?" అంది చిన్నక్క గొంతు తగ్గించి.

కట్టు కట్టిన చేతిని వదిన వెనక్కి దాచుకుంది. "బాగుందండీ. నాకిక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఎవరడిగినా మీరు అలాగే చెప్పండి."