జ్ఞానాంబ సత్రం మిద్దె

పట్టపగలు, నలభైమంది ఆడవాళ్లు చూస్తుండగానే, జ్ఞానాంబ సత్రం స్తంభానికి కూల్చివేత నోటీసు అంటించి పోయారు. తిరుపతిలో రైలుకట్ట పక్కనున్న ఆ సత్రం వసారాలోనే ఆ ఆడవాళ్లు పూలు కడతారు. రోజూ పూలు కొనడానికి వచ్చే కాలేజీ పిల్ల వేదిక నోటీసు చదివి వినిపించింది. “మిద్దె కారుతున్నదనీ, ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలియదనీ పూలు కట్టే స్త్రీలే స్వయంగా విన్నవించుకున్నందున...”

మునిరత్నమ్మ చేతిలో దారం ఆగిపోయింది. ఆ మాట ఆమెదే.

రెండు నెలల కిందట పెట్టిన అర్జీ అది. వానకు ఒక మూల నీళ్లు దిగుతున్నాయి. పైపెంకులు కాసిని తీసి మళ్లీ పరిస్తే చాలని షఫీవుల్లా మేస్త్రీ ముందే చెప్పాడు. గానుగలో నూరిన సున్నంతో మిద్దెలు వేసే పని తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే మిగిలాడు. కానీ ఉన్నమాట రాస్తే సత్రం ధర్మకర్తలు కదులుతారా? అడగందే అమ్మైనా పెట్టదు, ఇక ఆఫీసు పెడుతుందా అని, నెత్తిన పడుతుందన్న ముక్క మునిరత్నమ్మే చేర్పించింది. అందరిచేతా వేలిముద్రలు వేయించింది. బాగుచేయమని పేదవాళ్లు పెట్టుకున్న మొరే కూలగొట్టడానికి సాక్ష్యమైంది. ధర్మకర్తలు అంతకన్నా మంచి సాక్ష్యం ఎక్కడ వెతుక్కుంటారు?

ఆ స్థలంలో కంట్రాక్టరు ధనంజయ ఆరంతస్తుల లాడ్జి కట్టబోతున్నాడు. పూలవాళ్లకు వీధి పక్కన రేకుల కొట్లు ఇస్తామని అతని మనిషి వచ్చి చెప్పిపోయాడు. కొందరు మెత్తబడ్డారు కూడా.

సాయంత్రం వసారాలోనే అందరూ కూర్చున్నారు. ఇది నూరేళ్లు దాటిన కట్టడమని, నడిచొచ్చే యాత్రికుల కోసం పూతలపట్టు జ్ఞానాంబ తన పొలం అమ్మి కట్టించిందని, ఇలాంటివి పోతే ఊరికి ముఖమే ఉండదని వేదిక చెప్పింది. ఊరి ముఖం మాకు కూడు పెడుతుందా అని ఒకామె అడిగేసింది. జవాబు షఫీవుల్లా చెప్పాడు.

“పాతదని కాదు మ్మా, పనికొస్తా ఉండాది గనక నిలబెట్టుకోవాల,” అన్నాడు ముసలాయన. “రేకుల కింద మల్లెలు మధ్యాన్నానికే వాడిపోతాయి. ఈడ పొద్దుగూకేదాకా నవనవలాడతా ఉండాయి. ఎందుకనుకున్నారు? మీ అమ్మలు పద్దెనిమిది దినాలు కొట్టినారు ఈ మిద్దెని.”

మునిరత్నమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. పాత మిద్దె తీసి కొత్తగా వేస్తున్నారు. ఇటుకముక్కలూ సున్నమూ పరిచి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ చల్లుతూ, ఆడవాళ్లు వరసగా కూర్చుని చింతచెక్కలతో కొట్టేవాళ్లు. చెక్క కంగుమని ఎగిరిపడేదాకా ఆపకూడదని వాళ్లమ్మ చెప్పేది. అమ్మ అరచేతుల్లో బొబ్బలు మునిరత్నమ్మకు ఈనాటికీ గుర్తే.

ఆమె లేచి నిలబడింది.

“ఆ అబద్దం నాది. మీ వేళ్లు నేనే పట్టుకొని అద్దిచ్చినాను. నాశనం చేసింది నేనే.” ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. “ఇంక రాసేది వద్దు మే. పైకెక్కి కొడదాం. పడేదే అయితే మనతోపాటే పడనీ.”

మరునాడు పొద్దున్నే ఎక్కారు. షఫీవుల్లా ఇంట్లో దాచిన చెక్కలు పదకొండే. మిగతావాళ్లు ఇంట్లో గుడ్డలు బాదే కర్రలు తెచ్చుకున్నారు. ఆయన భార్య షహర్‌బాను ఒకప్పుడు మిద్దెలు కొట్టిన మనిషే. ఆమె పాట ఎత్తుకుంది. సగం ఉర్దూ, సగం తెలుగు. ఎనభై చేతులు ఒక్కసారి లేచి ఒక్కసారి దిగాయి. మిద్దె కంగుమంది.

సత్రం కూల్చడానికి వచ్చిన జేసీబీ వెనకాలే, మిద్దె పడిపోతుందని రిపోర్టు రాసిచ్చిన ధర్మకర్తల ఇంజనీరు దిగాడు. మునిరత్నమ్మ పిట్టగోడ దగ్గరికొచ్చి వంగి పిలిచింది.

“సార్, పైన నలభైమందిమి కొడతా ఉండాము. మీరు లోపలికొచ్చి కింద నిలబడండి. ఒక పెంకు రాలుతాదేమో సూడండి.”

ఇంజనీరు గడప దాటలేదు. దాటితే తన రిపోర్టు అబద్ధమని తనే ఒప్పుకోవాలి కదా. కానీ వీధిలోని జనం దాటారు. ముందు స్టేషన్ హమాలీలు లోపలికి నడిచారు, తర్వాత వేదికతో వచ్చిన విద్యార్థులు, ఆ వెనక గుండ్లు చేయించుకుని రైలుకు పోతున్న యాత్రికులు. అందరూ తలలెత్తి నిలబడ్డారు. పైన దెబ్బ మీద దెబ్బ. ఒక్క తలమీదా దుమ్ము రాలలేదు.

సత్యం రుజువైతే న్యాయం జరుగుతుందని ఎవరు చెప్పారు? పదింటికి పోలీసులు దిగారు. ఆడవాళ్లను ఈడ్చి వ్యాన్లలో వేశారు. చింతచెక్కలను మారణాయుధాలని రాసుకుని పట్టుకుపోయారు. ముసలివాడని షఫీవుల్లాను మాత్రం రోడ్డవతలికి నెట్టేశారు.

నాలుగో రోజు బెయిలు మీద వచ్చేసరికి సత్రం లేదు. దిబ్బ ఉంది. రోడ్డవతల అరుగు మీద షఫీవుల్లా కూర్చుని ఉన్నాడు. ఆ మూడు రోజులూ ఆయన అక్కణ్నించి కదల్లేదట.

“మూడు దినాలు పట్టింది మ్మా మిషనుకి,” అన్నాడు. “దాని పళ్లు రెండు ఇరిగినాయి. పడిపోతాదని రాసిన మిద్దె... మూడు దినాలు నిలబడింది.” డెబ్బై అయిదేళ్ల మనిషి వీధిలో అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మునిరత్నమ్మ ఆయన పక్కనే చతికిలబడి తనూ ఏడ్చింది. ఆ ఒక్క ముక్క రాయించకపోయి ఉంటే అన్న బాధ ఆమెను చచ్చేదాకా వదలదు.

వారం తర్వాత చిత్తూరు నుంచి ముగ్గురు కూరగాయలమ్మే ఆడవాళ్లు మునిరత్నమ్మను వెతుక్కుంటూ షఫీవుల్లా ఇంటికి వచ్చారు. వాళ్లమ్ముకునే పాత మార్కెట్టు కూడా సున్నపు మిద్దేనట, ఒకచోట కారుతోందట. చేతిలో అర్జీ ఉంది, వేలిముద్రలు పడాలి. మునిరత్నమ్మ వేదికచేత చదివించుకుంది. రెండో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఎప్పుడు కూలిపోతాదో అని రాసినారే, ఆ మాట కొట్టేయండి. మేము సచ్చినంత పనయ్యింది దాంతో. యాడ కారతా ఉండాదో అంతే రాయండి. మేమూ వస్తాము. ఎల్లుండి అందరం మిద్దెక్కుదాం.”

చెక్కలు పోలీసుల దగ్గర ఉన్నాయి కదా అని ఒకామె గుర్తుచేసింది. షఫీవుల్లా లోపలికి పోయాడు. చింతమొద్దు ఒకటి దొర్లించుకుంటూ వాకిట్లోకొచ్చి, మొద్దు చెక్కే బాడిశ చేతిలోకి తీసుకుని, చిత్తూరు ఆడవాళ్లవైపు చూశాడు.

“మీరెంతమంది ఉండారు?”