ఎనిమిది కుళాయిలు

తొమ్మిదో బిందె వరండా మెట్లెక్కేసరికి బడి ఆయమ్మకి నడుం పట్టేసింది. వీధి చివర బోరింగు నుంచి ఇక్కడికి రెండు వందల అడుగులు. డ్రమ్ము ఇంకా సగమే నిండింది. భోజనాల గంటకి అరగంటే ఉంది.

నీళ్ళు మొయ్యమని ఆమెకెవరూ చెప్పలేదు. గదులూడవడం, గంట కొట్టడం, అంతే ఆమె పని. కిందటి వానాకాలం వాంతులూ విరేచనాలతో పదమూడు మంది పిల్లలు మంచం పట్టారు. పన్నెండు మంది లేచొచ్చారు. రెండో తరగతి బొద్దుపిల్ల రాలేదు. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు ఎర్రసిరాతో కొట్టేస్తున్నప్పుడు ఆయమ్మ పక్కనే బల్ల తుడుస్తోంది. మర్నాడే ఇంటి నుంచి బిందె తెచ్చుకుంది.

మొదట్లో అన్నానికి ముందు చేతులు కడుక్కోమంటే పిల్లలు వేలికొసలు తడుపుకుని పరుగు లంకించుకునేవారు. "గోటి సందులో పురుగు దాక్కుందే, పట్టుకో, పట్టుకో!" అంటూ ఆమె ఆటలో పెట్టింది, బతిమాలింది, చెవులు మెలిపెట్టింది. ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు ఒకటో తరగతి పిడుగులు సైతం చెప్పకుండానే వరస కడుతున్నారు.

పదో బిందెకి బయల్దేరుతుంటే హెడ్మాస్టరు ఎదురొచ్చాడు.

"ఇక చాల్లే ఆయా. ఆ డ్రమ్ము లోపల పడేయించు. తనిఖీకొచ్చే అధికారిగారు దారిలో ఉన్నారు."

"పిల్లల చేతులు సార్?"

"కొత్త కుళాయిలున్నాయిగా!"

ఉన్నాయి. తెల్ల పలకల గోడకి ఎనిమిది, తళతళలాడుతూ. గోడ వెనక గొట్టం జానెడు దూరం పోయి మట్టిలో ఆగిపోయింది. కాంట్రాక్టరు అక్కడితో చేతులు దులుపుకున్నాడు.

"వాటిల్లో నీళ్ళు రావు కదండీ."

"నాకు తెలీదా? ఫొటోకి నీళ్ళెందుకు?"

డ్రమ్ము బరువుగా ఉందని వాచ్‌మన్ దాన్ని మురిక్కాలవలోకి ఒంపేశాడు. తొమ్మిది బిందెల నీళ్ళూ గడగడా పోతుంటే ఆయమ్మ గుడ్లప్పగించి నిలబడింది.

అధికారి వచ్చాడు. కుళాయిల కింద పిల్లలు పొడి చేతులు రుద్దుకున్నారు. "సార్, నీళ్ళు రావట్లా" అనబోయిన పిల్ల నోరు టీచరమ్మ మూసింది. ఫొటోలు తీశారు. "మంచి అలవాటు చిన్నప్పుడే పడాలి" అని అధికారి ఉపన్యసించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత వరండాలో పళ్ళేలు పరిచి వడ్డించారు. ఎవ్వరూ ముద్ద ముట్టలేదు.

"ఏమర్రా, తినరేం?" అన్నాడు అధికారి నవ్వుతూ.

రెండు జడల పిల్ల లేచింది. "చేతులు కడుక్కోలేదండి."

"ఇందాక కడుక్కున్నారుగా! తినండి!" హెడ్మాస్టరు గొంతు కీచుమంది.

ఒక్క చెయ్యీ కదల్లేదు. తలలన్నీ ఆయమ్మ వైపు తిరిగాయి. హెడ్మాస్టరు చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"నీ మాటయితే వింటారు. తినమని చెప్పు. పనిలో ఉండాలని ఉందా లేదా?"

ఆ పిల్లల్లో సగం మంది పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆమెకి తెలుసు. తిను తల్లీ అని నాలిక చివరిదాకా వచ్చింది. కళ్ళముందు ఎర్రసిరా గీత మెదిలింది.

"చెప్పను సార్."

"ఏమిటీ?"

"ఆ మాట నా నోటంట రాదు."

అధికారి నవ్వు ఆగిపోయింది. నూట ఇరవై పళ్ళేల్లో అన్నం చల్లారిపోతోంది. ఒకటో తరగతి చంటిది గుటక మింగి, రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది.