మ్యాప్‌లో లేని గుట్ట

రంగుల బాబు మ్యాప్ మీద ఎక్కడ పచ్చరంగు పూస్తే అక్కడ డిష్షాయన ఒళ్లు నల్లగా కమిలింది. గాలిలో ఇంటర్నెట్ అమ్మే ఆ ఆఫీసులో, ఏ ఊళ్లో ఎంత స్పీడు వస్తుందో కుర్చీలోంచి లేవకుండా మ్యాప్‌కు రంగులేసి తేల్చేసేది రంగుల బాబు. కప్పులెక్కి డిష్షులు బిగించేదీ, స్పీడు రానందుకు తన్నులు తినేదీ డిష్షాయన. ముందుపళ్లు రెండు ఒక లారీషెడ్డులో రాలాయి. చిటికెన వేలు ఒక మేడ మీద విరిగి వంకరగానే అతుక్కుంది. పొద్దున గడప దాటుతుంటే పెళ్లాం, "క్యారియర్ కట్టనా, వాళ్లు పెట్టేవాటితోనే కడుపు నిండుతుందా?" అంది. కట్టించుకున్నాడు.

ఇప్పుడు కలప కోతమిల్లు రేకుల కప్పు మీద నిలబడి, మెడలో తాడుకు వేలాడే అరచేతి అద్దాన్ని ఎండకు తిప్పుతున్నాడు. ఐదు కిలోమీటర్ల అవతల, టవర్ మీదున్న బావమరిది దగ్గరా అలాంటి అద్దమే ఉంది. మెరుపుకు మెరుపు బదులొస్తే దారి తెరిచి ఉన్నట్టు. సిగ్నలూ ఆ దారినే వస్తుంది. బదులు రాలేదు. మధ్యలో గుట్ట, అటు తిరిగి పడుకున్న మనిషి వీపులా.

ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"మ్యాప్‌లో పచ్చగానే ఉందిగా. నీకు తిప్పడం రాక!" అన్నాడు రంగుల బాబు.

"బాబూ, మీ మ్యాప్‌లో గుట్ట లేదు. ఇక్కడుంది."

"గుట్టతో నాకేం పని? స్పీడు ఫొటో పంపు." పెట్టేశాడు.

కింద మిల్లు యజమాని నిచ్చెన లాగి పొట్టు కుప్ప మీదికి విసిరేశాడు.

"యాభై అన్నారు, రెండొస్తోంది. స్పీడొచ్చాకే దిగు. ముందు దిగావో, కాళ్లు రంపం కింద పెడతా!"

"అయ్యా, గుట్ట అడ్డం..."

మొదటి చెక్కముక్క భుజానికి తగిలింది. కూలీలు నవ్వారు. రెండోది చెవి వెనక తగిలి, లోపల కుండ పగిలినట్టయింది. కాలరు వెచ్చగా తడిసింది.

తువ్వాలు తలకు బిగించాడు. కప్పు మూలన నీళ్లట్యాంకు కోసం వేసిన ఇనప స్టాండు, రెండు నిలువుల ఎత్తు. కప్పు మీద ముందే బిగించిన డిష్షు విప్పి వీపున కట్టుకుని ఎక్కాడు. మూడో చెక్క స్టాండుకు తగిలి ఖంగుమంది. పైన బెల్టు కొక్కెం కమ్మీకి తగిలించి అద్దం తిప్పాడు. గుట్ట భుజం మీదుగా ఒక మెరుపు.

"బావా, కనిపించావు!" ఫోన్‌లో బావమరిది.

"నాకు కళ్లు మసకేస్తున్నాయిరా. నువ్వే చెప్పు, డిష్షు ఎటు తిప్పను?"

"ఎడమకు. ఇంకొంచెం... చాలు బావా, చాలు!"

నట్టు బిగించాడు. స్పానరు చేతిలోంచి జారి రేకుల మీద మోగింది. దానివైపు చూడలేదు. కమ్మీకి నుదురు ఆనించాడు.

కింద యజమాని తన ఫోన్ చూసుకుని కేకేశాడు. "నలభై ఎనిమిది! చూశార్రా, తంతే గాని రాదు! ఇక దిగవోయ్, టీ తాగుదువుగాని."

నిచ్చెన మళ్లీ వేయించాడు. ఎవరూ దిగలేదు. పిలిచి పిలిచి ఒక కూలీని ఎక్కించాడు. వాడు దిగొచ్చి, నిచ్చెన వదలకుండా, "మనిషిని బెల్టే పట్టుకునుందయ్యా, అంతే," అన్నాడు.

పైన ఆ మెడలోని అద్దం తాడు మీద గాలికి తిరుగుతూ ఎండను పట్టి విసురుతోంది. గుట్ట అవతలి నుంచి ప్రతి మెరుపుకూ బదులొస్తూనే ఉంది.