కె.కె. సరిచూడని పటం

భూతద్దం కింద బొలీవియాకు ఒక 'ఎల్' ఎక్కువైంది. కమలకుమారి ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టి, తీసెయ్యమన్న గుర్తు పెట్టి, అద్దాన్ని అంగుళం కిందికి జరిపింది. ప్రపంచ పటాన్ని ఆమె ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే చూస్తుంది. అమెరికాలు అయ్యేసరికి పదకొండవుతుంది. ఆఫ్రికా ముగిసేసరికి టిఫిన్ డబ్బా తెరిచే వేళవుతుంది. ఆసియా మధ్యాహ్నానికి మిగులుతుంది.

అరవై రెండేళ్ల మనిషి. సన్నగా ఉంటుంది. నలభై ఏళ్లు బల్ల మీదికి వంగిన నడుం, నిలబడ్డా పూర్తిగా నిటారు కాదు. కుడిచేతి మధ్యవేలి పక్కన, కలం ఒరుసుకునే చోట, కాయ కాచి గట్టిపడింది. కలం పట్టడం మానేసి ఇరవై ఏళ్లు దాటినా ఆ కాయ మెత్తబడలేదు. రోజూ కాచిగూడలో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద బస్సెక్కి, కోఠిలో దిగి, అక్కడి నుంచి ఆబిడ్స్ దాకా నడిచి వస్తుంది. నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో, కింద చెప్పుల దుకాణం ఉన్న పాత భవనం రెండో అంతస్తులో 'ఇంద్రసేన మ్యాప్ వర్క్స్'. బడి గోడలకు తగిలించే పటాలు అక్కడ తయారవుతాయి.

ఆమె తండ్రి శ్రీకాకుళం తీరం వాడు. యాభై ఆరులో సర్వే ఆఫీసు ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి, నదులను పలచటి కాగితం మీదికి ఎత్తి గీస్తూనే రిటైరయ్యాడు. నీళ్ల పేర్లు వాలుగా, నేల పేర్లు నిటారుగా రాయాలని ఆయనే నేర్పాడు. ఇరవై ఒకటో ఏట ఆమె ఈ షాపులో చేరినప్పుడు పటాల మీద ప్రతి అక్షరం చేత్తోనే రాసేవారు. గోదావరి పేరును గోదావరిలాగే వంపు తిప్పి రాసేది. కంప్యూటర్లు వచ్చాక మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. తప్పులు పట్టడానికి ఆమెను ఉంచారు. పటం కుడి మూలన, 'సరిచూసినవారు' అన్న చిన్న గడిలో 'కె.కె.' అని రెండక్షరాలు ఉంటాయి. వాటిని చదివే మనిషి బహుశా ఎవరూ లేరు. ఆమె భర్త రవిచంద్ర కూడా ఎప్పుడూ చదవలేదు.

పదకొండున్నరకు జితేందర్ వచ్చాడు. షాపు పెట్టిన ఇంద్రసేన కొడుకు. నలభై అయిదేళ్లవాడు, ఎప్పుడూ చేతిలో రెండు ఫోన్లు.

"మేడం, ఆసియా జర ముందు చూడుండ్రి. ఫణికుమార్ మూడింటికొస్తుండు. సంతకమైతే ఇయ్యాల్నే ప్రింటుకు పంపుదాం."

ఫణికుమార్ ఎగుమతి ఏజెంటు. దక్షిణ చైనా సముద్రం ఒడ్డునున్న ఒక దేశంలోని బడులకు నాలుగు వేల పటాలు కావాలని ఆర్డరు తెచ్చాడు. ఇక్కడి బడుల్లో గోడలన్నీ డిజిటల్ తెరలైపోయిన రోజుల్లో అంత ఆర్డరు చూసి మూడేళ్లయింది.

ఆమె అద్దాన్ని ఆసియా మీదికి తెచ్చింది. స్ప్రాట్లీ దీవుల దగ్గర ఆగింది. దీవులని పేరేగానీ చాలావరకు పోటు వస్తే మునిగే గుట్టలు, ఇసుక తిన్నెలు. చుట్టూ చేపలు, అడుగున చమురు, గ్యాసు. అందుకని అరడజను ప్రభుత్వాలు మావంటే మావంటున్నాయి. పోయిన వారం ఆమె చూసిన ప్రూఫులో వాటికి రంగు లేదు. పక్కన నక్షత్రం గుర్తు, అడుగున 'వివాదంలో ఉన్న దీవులు' అన్న వాక్యం ఉండేవి. ఇప్పుడు నక్షత్రం లేదు, వాక్యం లేదు. దీవులన్నిటికీ కొనేవాళ్ల దేశపు లేత ఆకుపచ్చ. సముద్రం సగాన్ని చుట్టేస్తూ ఒక హద్దు గీత.

"భవ్యా, ఇదెవరు మార్చారమ్మా?"

కంప్యూటర్ ముందున్న భవ్య కుర్చీ తిప్పింది. "సార్ పంపించారు మేడం. బయ్యర్ అలాగే కావాలన్నారంట."

కమలకుమారి ఎర్ర పెన్సిలు కింద పెట్టింది.

తొంభై నాలుగులో ఆమె ఆ దీవులను ఒకసారి కొనేవాళ్లు అడిగిన రంగులోనే చూపింది. ఒక దేశం ఆర్డరిచ్చింది, వాళ్ల పేరే రాసింది. రెండు నెలలకు అదే సముద్రం అవతలి ఒడ్డు నుంచి ఇంకో ఆర్డరొచ్చింది. ఆ పేరు చెరిపి ఈ పేరు రాసింది, రంగు మార్చింది. పటాలకు బట్ట అతికించి కర్రలు బిగించే ఎల్లేష్, మిగిలిపోయిన రెండు పటాలను ఒకే తాడు మీద పక్కపక్కన ఆరేశాడు. రెండింటి మూలనా కె.కె. ఉంది. ఎల్లేష్ చదువుకోలేదు గానీ రంగులు తెలుసు. చాలాసేపు అటూ ఇటూ చూసి అడిగాడు.

"మేడం, గీ రెండిట్ల ఏది నిజం?"

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. మర్నాడు ఇంద్రసేన ముందు నిలబడి, వివాదం ఉన్నచోట ఉందని రాస్తేనే ఇక తన అక్షరాలు పెడతానంది. ఆయన రెండు రోజులు నవ్వి, మూడో రోజు ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఇన్నేళ్లూ అదే పద్ధతి.

ఇంకొకటి కూడా ఉంది. మేనత్త చిన్న కొడుకు అంజన్ బతుకుతెరువుకు పడమటి తీరానికి వెళ్లి ఎవరి పడవ మీదో వేటకు పోయేవాడు. ఒక తెల్లవారుజామున హద్దు దాటారని పక్క దేశం వాళ్లు పట్టుకుపోయారు. పద్నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. కాచిగూడ ఇంట్లో గోడకానుకుని కూర్చుని, పళ్లెంలో అన్నం కెలుకుతూ అన్నాడు: "వదినా, నువ్వు గీతలు గీత్తావంట కదా. నీటి మీద ఆ గీత ఎక్కడున్నాది? నాకైతే అగుపడనేదు." ఆమె అతని పళ్లెంలో చారు పోసింది.

మూడింటికి ఫణికుమార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వుముఖం. జితేందర్ ఆయనకు కుర్చీ వేసి, ప్రూఫు ఆమె ముందుకు జరిపాడు.

"నోటు తీసేశారు బాబూ," అందామె. "దీని మీద నా అక్షరాలు పెట్టను."

"మేడం, జర సమజ్ చేస్కోండ్రి. ఎవరి దీవులో, ఎవరి సముద్రమో. మనకేం పోయింది? మన ఊరికి సముద్రమే లేదాయె."

"ఊరికి లేదు. పటంలో ఉంది కదా."

ఫణికుమార్ కుర్చీలో ముందుకు వంగాడు. "అమ్మా, పిల్లలు గోడకు తగిలించుకునే బొమ్మండీ ఇది. దీనికింత రాద్ధాంతం దేనికి?"

"పిల్లలు చూస్తారనేనండీ. పెద్దవాళ్లు ఎలాగూ వాళ్లకు నచ్చిందే చూస్తారు."

"వాళ్ల ప్రభుత్వం చెప్పిన మాటే వాళ్ల బళ్లలో ఉంటుంది. మీరు మార్చగలరా?"

"మార్చలేను. వాళ్లు వేసుకుంటే వేసుకోనివ్వండి. నేను సరిచూశానని మాత్రం అనకూడదు."

జితేందర్ ముఖం తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. కరోనాలో షాపు మూతపడ్డ నెలల్లో కూడా ఎవరినీ తీసెయ్యలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే, అతని కళ్లలోకి చూడకుండా సొరుగు లాగింది.

సొరుగులో అడుగున ఒక సన్నపాళీ కలం, సగం ఎండిన ఇండియన్ ఇంకు సీసా ఉన్నాయి. నాలుగు చుక్కల నీళ్లు పోసి కలిపింది. ముగ్గురూ చూస్తుండగా ప్రూఫు మీదికి వంగింది. మొదటి గీత వంకర పోయింది. ఆగి, మణికట్టును బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి మళ్లీ మొదలుపెట్టింది. వడ్లగింజంత చోటులో స్ప్రాట్లీ అన్న పేరు కింద నాన్షా, ట్రువాంగ్ సా, కలయాన్ అని, ఎవరెవరు ఏమని పిలుస్తారో అన్నీ ఒకే కొలతలో నిటారుగా రాసింది. ఒక్క అక్షరం పెద్దది కాలేదు, ఒక్కటి చిన్నది కాలేదు. అడుగున ఖాళీలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది: ఈ దీవులు మావేనని పలు దేశాలు అంటున్నాయి, తగవు తీరలేదు. తర్వాత ఎర్ర పెన్సిలుతో దీవుల ఆకుపచ్చకూ, సముద్రం మీది గీతకూ తీసెయ్యమన్న గుర్తు పెట్టి, మూలనున్న గడిలో కలంతో కె.కె. అని రాసింది.

"దీనికైతే పెడతాను," అంది.

భవ్య లేచి వచ్చి ఆ అక్షరాల మీదికి వంగింది. కంప్యూటర్ వేసిన అక్షరాలకూ వీటికీ మధ్య చూపు తిప్పుతూ ఉండిపోయింది. ఆమె చేరి అయిదేళ్లయినా మేడం కలం పట్టగా ఎప్పుడూ చూడలేదు.

ఫణికుమార్ నవ్వాడు. "బాగుందమ్మా. ఫ్రేము కట్టించుకోవచ్చు. జితేందర్ గారూ, మీ దగ్గరున్న ఈ అమ్మాయి పెడుతుందిలెండి ఆ రెండక్షరాలు. ఎవరివైతేనేం."

జితేందర్ భవ్య వైపు చూశాడు.

"నేను పెట్టను సార్," అంది భవ్య. గొంతు చిన్నదే. కానీ బల్ల దగ్గర నుంచి కదలలేదు.

కింద రోడ్డు మీద ఆటోవాడెవడో స్టేషన్, స్టేషన్ అని అరుస్తున్నాడు.

"అయితే ఆ గడే తీసెయ్యి," అన్నాడు జితేందర్. "సరిచూసినవారు అని ఉండనే వద్దు. ప్రింటుకు పంపు."

ఫణికుమార్‌ను కిందిదాకా దించడానికి అతనూ మెట్లు దిగాడు. భవ్య తిరిగి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద గడి మాయమవడం కమలకుమారి చూసింది. ఈ షాపు పటం ఒకటి ఎవరి పేరూ లేకుండా బయటికి పోవడం ఇదే మొదటిసారి. అబద్ధం బయటికి పోతోంది. కానీ తన అక్షరాలు పట్టుకుని పోవడం లేదు. ఆ మాత్రం చాలనిపించింది. చాలదని కూడా అనిపించింది.

ఎల్లేష్ చాయ్ తెచ్చాడు. ఇప్పుడతనికీ జుట్టు తెల్లబడింది. ఆమె రెండు గుక్కలు తాగి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"రేపట్నించి రాను ఎల్లేష్."

"గదేంది మేడం?" అన్నాడు. తర్వాత బల్ల మీది కాగితం చూశాడు. ఆ దీవుల రంగు మీద ఎర్ర గుర్తు, చుట్టూ నల్లటి అక్షరాలు. ఈసారి ఏది నిజమని అడగలేదు. "బస్సుదాక రావాల్నా?" అన్నాడు.

"వద్దు. నడుస్తాను."

మెట్ల మలుపులో జితేందర్ ఎదురయ్యాడు. పక్కకు జరిగి దారిచ్చాడు.

"రేపొస్తరు కదా మేడం?"

"రాను బాబూ."

అతను గోడ వైపు చూశాడు. "నాన్న ఉంటే మిమ్మల్ని పోనిచ్చెటోడు గాదు."

"మీ నాన్నగారుంటే ఆ నోటు తీయనిచ్చేవారు కాదు."

కోపం లేకుండానే చెప్పింది. పట్టుకోడానికి కమ్మీ లేని మెట్లు అవి. గోడను తడుముకుంటూ ఒక్కొక్కటే దిగింది. రవిచంద్ర ఫోను చేశాడు, కోఠిలో నిమ్మకాయలు తెమ్మని. సరేనంది. చెప్పుల దుకాణం ముందు గుంపులోంచి దారి చేసుకుని రోడ్డు మీదికి వచ్చి, వచ్చే బండ్లను చేయెత్తి ఆపి, వంగిన నడుముతోనే నెమ్మదిగా దాటింది. పై కిటికీలోంచి ఎల్లేష్ ఆమె చీర రంగు కనిపించినంతసేపూ చూశాడు.

ఆరింటికి జితేందర్ బల్ల సాఫ్ చెయ్యమన్నాడు. ఎల్లేష్ పెన్సిళ్లు సొరుగులో పెట్టాడు, రబ్బరు పొట్టు దులిపాడు. ప్రూఫు దగ్గరికి వచ్చి చేయి చాపి, వెనక్కి తీసుకున్నాడు. ఫ్యాను గాలికి కాగితం ఒక మూల లేచి పడుతోంది. రెండో మూల ఎగరకుండా, చేత్తో రాసిన పేర్లకు కొంచెం కిందుగా, ఆమె తాగకుండా వదిలిన చాయ్‌తో స్టీలు గ్లాసు బరువుగా కూర్చుని ఉంది.